రిఫర్ చేశాం అంటే చేరినట్టు కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా డిసెంబరు 1, ఎయిడ్స్ దినం దగ్గర పడగానే జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది. ఇన్ని పరీక్షలు చేశారు, ఇంతమందికి పాజిటివ్ వచ్చింది, ర్యాలీ తీశారు, మానవహారం కట్టారు. ఆ పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎందరు మందు మొదలుపెట్టారు, ఎన్ని రోజులకు మొదలుపెట్టారు అన్నది మాత్రం ఆ వార్తలో ఎప్పుడూ కనబడదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హెచ్ఐవీ పరీక్ష కేంద్రాల రిజిస్టర్లతోనూ, హెచ్ఐవీని అణచే మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ల కార్డులతోనూ రోజూ పనిచేసేవాళ్లం మేం. దీనికి జవాబు కొత్త సర్వే పెట్టి తెలుసుకోవాల్సిన పని లేదు, రాసిపెట్టుకున్న రికార్డుల్లోనే ఉంది. ఆ రికార్డును నెలాఖరు రిపోర్టు పైకి పంపడానికి వాడుతున్నంతగా, తప్పిపోయిన మనిషిని వెతకడానికి వాడటం లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ముందు నేపథ్యం రెండు మాటల్లో. దేశంలో ఉచిత ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. చాలా ఏళ్లు, ఒంట్లో రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల లెక్క ఒక హద్దు కిందికి పడితేనే మందు ఇచ్చేవారు. పాజిటివ్ వచ్చినా 'ఇప్పుడే అక్కర్లేదు, ఆరు నెలలకు రండి' అని పంపేవారు, అలా వెళ్లినవాళ్లలో ఎంతోమంది మంచం పట్టాకే తిరిగి వచ్చేవారు. 2017లో ఆ హద్దు తీసేశారు. పాజిటివ్ అని నిర్ధారణ అయితే సీడీ4 ఎంతున్నా మందు మొదలుపెట్టాలి, కుదిరితే అదే రోజు, లేదంటే వారం లోపు. ఇప్పుడిచ్చేది రోజుకు ఒక్క మాత్ర. అందులో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసి ఉంటాయి. మందు పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది, నియమం ఎప్పుడో మారింది. పరీక్ష చేసిన చోటుకూ మందు ఇచ్చే చోటుకూ మధ్య దారిలోనే మనుషులు జారిపోతున్నారు.

ఆ దారి ఎలా ఉంటుందో చూడండి. పీహెచ్‌సీలో ఏఎన్‌ఎం వేలి చివర సూదితో గుచ్చి చేసేది స్క్రీనింగ్ మాత్రమే. అది రియాక్టివ్ వస్తే, అంటే హెచ్ఐవీ ఉందేమోనన్న అనుమానం తేలితే, పెద్ద ఆసుపత్రిలోని ఐసీటీసీ అనే పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రానికి పంపాలి. అక్కడ మూడు వేర్వేరు కిట్లతో పరీక్ష చేసి, మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అంటారు. అక్కడి నుంచి ఏఆర్‌టీ సెంటర్‌కు. అంటే ఊరి నుంచి పట్నానికి ఒకసారి, పట్నం నుంచి ఒంగోలుకో నెల్లూరుకో ఇంకోసారి. గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు నుంచి ఒంగోలు వచ్చి పోవాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. రక్తపరీక్షలకు ఒకరోజు, రిపోర్టుకు మరోరోజు అన్నామంటే రెండు కూలిలు, రెండు బస్సు చార్జీలు. ఒంట్లో నలత లేని మనిషి ఆ లెక్క వేసుకుని ఆగిపోతాడు. ఏఆర్‌టీ వరసలో ఊరివాళ్లు ఎవరి కంటైనా పడతానేమోనన్న భయం దానికి తోడు.

మా రిపోర్టుల్లో ఉన్న మోసం ఇక్కడే ఉంది. మోసం అంటే ఎవరో కావాలని చేసేది కాదు, గడి చేసే మోసం. కౌన్సెలర్ చీటీ రాసి ఇవ్వగానే 'రిఫర్డ్' అన్న గడి నిండుతుంది. లెక్క కోసం అనుకుందాం. ఒక మూడు నెలల్లో 40 మంది పాజిటివ్, 40 మందికీ చీటీలు రాశాం. రిపోర్టులో నూటికి నూరు. అందులో ఏఆర్‌టీ సెంటర్‌లో పేరు నమోదైంది 34 మందికి, తొలి సీసా చేతికి అందింది 31 మందికి, రెండో నెల సీసా కోసం వచ్చింది 27 మంది. వీటిలో దేన్ని 'లింకేజీ', అంటే చికిత్సలో చేరడం, అనాలి? చీటీని అంటే మాత్రం అనకూడదు. తొలి మాత్ర ఇచ్చిన తేదీని లింకేజీ అనాలి, రెండో సీసా తీసుకున్న తేదీని పక్కనే రాయాలి. మొదటి నెల మింగి మానేసినవాళ్లను ఈ రెండో తేదీయే పట్టిస్తుంది. ఆలస్యాన్ని సగటులో చెబితే కూడా బోల్తా పడతాం. ఇద్దరు ఏడాది తర్వాత వస్తే సగటు ఎక్కడికో పోతుంది. ఏడు రోజుల్లోపు మొదలుపెట్టినవాళ్లు ఎందరు, ముప్పై రోజులు దాటినవాళ్లు ఎందరు అని విడగొట్టి చెబితేనే అర్థం ఉంటుంది.

మేం కోరేది పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 'సోచ్' అనే ఆన్‌లైన్ వ్యవస్థ ఇప్పటికే తెచ్చింది, పరీక్ష నుంచి మందు దాకా ఒకే గుర్తింపు సంఖ్యతో నడవాలన్నది దాని ఉద్దేశం. అందులో ఉన్నదాన్ని వారానికోసారి, ఒకే మనిషి, ఒకే ప్రశ్న వేసి చూడాలి. నిర్ధారణ తేదీ ఉండి తొలి మందు తేదీ లేనివాళ్లు ఎవరు? సోమవారం పొద్దున ఆ పట్టీ తీస్తే జిల్లా మొత్తానికి వచ్చేది ఒక పేజీకి మించదు. ఆ పేజీకి యజమాని ఉండాలి. 'అందరి బాధ్యత' అన్న పట్టీ శుక్రవారానికి ఎవరి టేబుల్ మీదా ఉండదు.

పట్టీ తీయగానే ఫోన్లు మొదలుపెట్టకూడదు. ముందు దాన్ని కడగాలి. అమెరికాలో 'డేటా టు కేర్' పేరుతో ఇదే పని కొన్నేళ్లుగా చేస్తున్నారు. అక్కడ ప్రయోగశాలలు సీడీ4, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష) ఫలితాలను ఆరోగ్య శాఖకు పంపుతాయి. ఎవరి పేరు మీదైనా చాలాకాలం ఫలితం రాకపోతే చికిత్సకు దూరమయ్యారేమోనని వెతుకుతారు. వాళ్లకు మొదట ఎదురైంది ఏమిటంటే, దూరమయ్యారని పట్టీ చెప్పినవాళ్లలో పెద్ద వంతు అసలు దూరం కాలేదు. వేరే ఊళ్లో మందు తీసుకుంటున్నారు, లేదా చనిపోయారు, లేదా ఒకే మనిషి రెండు పేర్లతో ఉన్నారు. మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. నెల్లూరు జిల్లావాళ్లు ఎప్పటి నుంచో మద్రాసు వైపు వైద్యానికి పోతారు. తాంబరం శానిటోరియంలో మందు తీసుకుంటున్న మనిషి ఇక్కడి పట్టీలో 'రాలేదు' అనే కనబడతాడు. అలాంటి ఇంటికి మనిషిని పంపామంటే చికిత్స సరిగ్గా సాగుతున్నవాళ్ల గుట్టు రట్టు చేసినవాళ్లం అవుతాం.

కడగడంలో ఎక్కువ పొద్దు పట్టేది పేర్లతోనే. వెంకటేశ్వర్లు ఐసీటీసీలో ఒక స్పెల్లింగుతో, ఏఆర్‌టీ సెంటర్‌లో వెంకటేశులుగా, టీబీ రిజిస్టర్‌లో వెంకటేష్‌గా ఉంటాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరం, ఒకచోట లేనే లేదు. ఆడవాళ్ల విషయంలో ఇంకా చిక్కు. పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరుతో ఒక రికార్డు, అత్తింటి ఇంటిపేరు, భర్త పేరుతో మరోటి. వయసేమో అన్నీ 30, 35, 40 దగ్గరే ఆగుతాయి. కంప్యూటర్‌లో అక్షరం అక్షరం కలిస్తేనే ఒకరని అనుకుంటే చేరినవాళ్లు కూడా చేరనట్టే తేలుతారు. పేరును చివరన చూడాలి. మొదట ఫోన్ నంబరు చివరి ఆరు అంకెలు, తర్వాత ఆడ మగ, రెండేళ్లు అటూ ఇటూగా వయసు, మండలం, ఆ తర్వాత పేరు మొదటి అక్షరం. ఐదింటిలో నాలుగు కుదిరితే కార్డు బయటికి తీసి కళ్లతో చూడాలి. కంప్యూటర్ అనుమానం వరకే, తేల్చాల్సింది మనిషే. ఆధార్ ఉంటే ఇదంతా క్షణంలో తేలిపోతుందని కొందరంటారు. తేలుతుంది, నిజమే. ఆధార్ అడుగుతారన్న భయంతో పరీక్షకే రానివాళ్లు మాత్రం ఏ పట్టీలోనూ తేలరు. ఆ బేరం మాకు గిట్టుబాటుగా అనిపించదు.

ఫోన్ నంబరు గురించి ఇంకో మాట. సగం అవస్థ పరీక్ష రోజునే తప్పించుకోవచ్చు. కౌన్సెలర్ నంబరు రాసుకున్న వెంటనే ఎదురుగానే ఒక మిస్డ్ కాల్ ఇస్తే అది ఎవరి ఫోనో అక్కడికక్కడే తెలిసిపోతుంది. చాలాసార్లు అది పక్కింటివాళ్లదో, కొడుకుదో అవుతుంది. అప్పుడే మూడు సంగతులు అడిగి రాసుకోవాలి. మీకు ఫోన్ చేయొచ్చా, ఏ వేళప్పుడు? ఇంకెవరైనా ఎత్తితే ఏమని చెప్పమంటారు? ఇంటికి రావొచ్చా, వద్దా? 'ఫలానా అక్క చేసిందని చెప్పండి, నేనే మళ్లీ చేస్తా' అని ఆ మనిషి ఒప్పుకున్న మాట ఏదైతే ఉందో కార్డు మీద అదే ఉండాలి, ఫోన్ చేసినప్పుడు అదే అనాలి. ఇంట్లోవాళ్లు ఎత్తి 'ఎవరమ్మా, ఏ ఆసుపత్రి, ఏం రిపోర్టు?' అని గుచ్చిగుచ్చి అడిగితే తడబడే గొంతే సగం చెప్పేస్తుంది. ఇంటికి రావద్దన్నవాళ్ల ఇంటికి ఎంత మంచి ఉద్దేశంతోనైనా వెళ్లకూడదు. వెళ్లమన్న చోటికి కూడా ఆసుపత్రి బండిలో పోకూడదు, ఆ ఊరి ఆశా కార్యకర్తను పంపకూడదు. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి ఒక గుమ్మం ముందు రెండుసార్లు ఆగితే మూడోరోజుకు అది కబురైపోతుంది.

ఎన్ని రోజులకు ఏం చేయాలన్నది మా అనుభవంలో ఇలా కుదురుతుంది. మూడో రోజుకు ఐసీటీసీ కౌన్సెలరే ఫోన్ చేయాలి, ఎందుకంటే ఆ గొంతు వాళ్లకు తెలుసు. ఏడో రోజుకు ఏఆర్‌టీ సెంటర్‌తో సరిచూసుకోవాలి. రెండు వారాలకీ రాకపోతే, ఒప్పుకున్నవాళ్ల దగ్గరికి, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు తోడుగా నిలిచే కేర్ అండ్ సపోర్ట్ సెంటర్ నుంచి మనిషి వెళ్లాలి. ఫలితం రాసేటప్పుడు 'రాలేదు' అని ఒక్క మాటతో వదిలేయకూడదు. వలస పోయారు, వేరే సెంటర్‌లో తీసుకుంటున్నారు, నంబరు తప్పు, చనిపోయారు, ఇప్పుడే వద్దన్నారు, బస్సు ఖర్చు లేదన్నారు... ఏదో ఒకటి తేల్చి రాయాలి. నంబరు తప్పు అన్న జవాబులు ఒకే కేంద్రం నుంచి ఎక్కువ వస్తుంటే సరిదిద్దాల్సింది ఆ కేంద్రంలో నంబరు రాసుకునే పద్ధతిని. బస్సు ఖర్చు అన్న జవాబులు పశ్చిమ మండలాల నుంచి వరుసగా వస్తుంటే ఆ వైపు లింక్ ఏఆర్‌టీ సెంటర్‌లోనే (పెద్ద సెంటర్‌కు అనుబంధంగా దగ్గర్లో మందు ఇచ్చే చోట) మొదటి సీసా ఇచ్చే ఏర్పాటు ఆలోచించాలి. పట్టీ అసలు ఉపయోగం ఇదే. మనిషిని వెతకడంతో పాటు మన తప్పు ఎక్కడుందో కూడా అదే చూపిస్తుంది.

వైద్య కారణంతో ఆగినవాళ్లను వీళ్లలో కలపకూడదు. మెదడు పొరలకు టీబీ గానీ, క్రిప్టోకాకస్ అనే ఫంగస్ గానీ ఉన్నవాళ్లకు ముందు దానికి చికిత్స చేసి, కొన్ని వారాలు ఆగాకే ఏఆర్‌టీ మొదలుపెడతారు. తొందరపడితే ప్రాణం మీదికి వస్తుంది. శాతం పెరగాలని అధికారులు ఒత్తిడి చేసేది ఇలాంటివాళ్ల దగ్గరే, అది ప్రమాదం. అందుకే వీళ్లకు వేరే గడి కావాలి.

గర్భిణుల దగ్గర మాత్రం పై గడువులేవీ పనికిరావు. అక్కడ గడియారం కాన్పు తేదీతో నడుస్తుంది. ప్రసవానికి ఎన్ని వారాలున్నాయో ఆ క్రమంలో పట్టీ ఉండాలి, ఎనిమిదో నెలలో పాజిటివ్ అని తేలిన ఆమె పేరు అన్నిటికంటే పైన. బిడ్డ పుట్టిన వెంటనే మందు చుక్కలు పడాలి. ఆరు వారాలకు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి పరీక్షకు పంపాలి, ఇతర జబ్బులు సోకకుండా కాట్రిమాక్సజోల్ మందు మొదలుపెట్టాలి. 18 నెలలకు ఆఖరి పరీక్ష. మన పద్ధతిలో మొదటి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది. అత్తవారిది కనిగిరి, పుట్టిల్లు కావలి అయితే పరీక్ష ఒక జిల్లాలో, కాన్పు ఇంకో జిల్లాలో, ఆరు వారాల చుక్కలు ఎక్కడో తెలియదు. ఏడో నెల దాటితే 'కాన్పు ఎక్కడ అనుకుంటున్నారమ్మా?' అని అడిగి అక్కడి కౌన్సెలర్‌తో ముందే మాట్లాడుకోవడం ఒక్కటే దీనికి విరుగుడు.

టీబీ వైపు పని కొంత తేలిక. టీబీ తేలినవాళ్లందరికీ హెచ్ఐవీ పరీక్ష చేయాలి, ఆ వివరం టీబీ రోగుల ఆన్‌లైన్ రికార్డు 'నిక్షయ్'లో ఉంటుంది. జిల్లాలో కుష్టు, ఎయిడ్స్, క్షయ మూడింటికీ అధికారి ఒక్కరే కాబట్టి రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి చూడటానికి ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఒకటి మరిచిపోకూడదు. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వాడుతున్నవాళ్లకు డోల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర పన్నెండు గంటల తర్వాత అదనంగా ఇంకోటి పడాలి. ఇద్దరు డాక్టర్లకూ ఒకరి రికార్డు ఒకరికి తెలియకపోతే ఆ రెండో మాత్ర జారిపోతుంది.

ప్రైవేటు ఆసుపత్రుల సంగతి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు 'ట్రైడాట్' అనే హెచ్ఐవీ పరీక్ష చేయిస్తారు, చాలాచోట్ల మనిషికి చెప్పకుండానే. రియాక్టివ్ వస్తే కారణం చెప్పకుండా ఇంకెక్కడికైనా తీసుకుపొమ్మంటారు, లేదంటే మనిషికి కాకుండా వెంట వచ్చిన బావమరిదికి చెబుతారు. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. 5వ సెక్షన్ ప్రకారం మనిషి ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు. 8వ సెక్షన్ ప్రకారం ఒప్పుకోలు లేకుండా ఫలితం ఇతరులకు చెప్పకూడదు. అయితే చికిత్సలో భాగమైన ఇంకో వైద్యుడికి అవసరం మేరకు చెప్పడానికి అదే సెక్షన్ దారి ఇచ్చింది. అంటే బావమరిదికి చెప్పడం తప్పు, ఐసీటీసీకి పంపడం తప్పు కాదు. మన దగ్గర ఇది తలకిందులుగా నడుస్తోంది.

వలస గురించి వేరే చెప్పాలా? పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాద్, బెంగళూరు భవనాల పనులకు, మిరప కోతలప్పుడు గుంటూరు వైపు పోతారు. చీమకుర్తి క్వారీలకు బయటి రాష్ట్రాలవాళ్లు వస్తారు. సెంటర్ మారేవాళ్లకు 'ట్రాన్స్‌ఫర్ అవుట్' రాసి పంపగానే మన పట్టీలోంచి పేరు పోతుంది, మన శాతం బాగుపడుతుంది. అటువైపు చేరారా లేదా? అటువాళ్లు 'ట్రాన్స్‌ఫర్ ఇన్' అనేదాకా ఆ పేరు మన ఖాతాలోనే ఉండాలి. పాతవాళ్ల విషయంలో సీసా లెక్క చాలు. 30 మాత్రలిచ్చిన తేదీకి ముప్పై కలిపి, ఇంట్లో మిగిలినవి చేర్చితే రావాల్సిన రోజు తెలుస్తుంది. అది దాటి వారమైతే ఫోన్ చేయాలి, మూడు నెలలు పోయాక 'తప్పిపోయారు' అని రాసుకోవడం కాదు. ఏడాదిగా వైరల్ లోడ్ పరీక్ష లేనివాళ్లు కూడా ఈ పట్టీలోకే వస్తారు.

ఇంకో చిక్కు జిల్లాల హద్దులతో. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కందుకూరు నెల్లూరులోకి, చీరాల, అద్దంకి, పర్చూరు బాపట్లలోకి, సూళ్లూరుపేట తిరుపతిలోకి పోయాయి. గీతలు మారాయి గానీ మనిషి అలవాటైన బస్సు మారలేదు. కందుకూరువాళ్లు అప్పుడు కూడా ఒంగోలే పోయేవారు. జిల్లా పేరుతో వడగట్టి పట్టీ తీస్తే ఇలాంటివాళ్లు రెండు జిల్లాల్లోనూ 'రాలేదు' అవుతారు, లేదా రెండింట్లోనూ లెక్కకు వస్తారు. జిల్లా కాదు, మండలం కోడ్ పట్టుకుని చూడాలి. గీతలు ఎన్నిసార్లు మారినా మండలం మండలమే. ఇరుగుపొరుగు జిల్లాల వాళ్లు నెలకోసారి ఒక గంట ఫోన్‌లో కూర్చుని హద్దు మండలాల పేర్లు సరిచూసుకుంటే చాలు.

గోప్యత ఈ పని మొత్తానికి ప్రాణం. పట్టీ వాట్సాప్‌లోకి పోకూడదు. 'అర్జెంటు సార్, ఫోటో తీసి పెట్టండి' అన్నది పైఅధికారి అయినా సరే. ఫైలు పేరులో హెచ్ఐవీ అన్న మాట ఉండకూడదు. బయటికి వెళ్లే మనిషి చేతిలో ఆ రోజు కలవాల్సినవాళ్ల కోడ్, ఫోన్ నంబరు ఉంటే చాలు, జిల్లా పట్టీ అక్కర్లేదు. సాయంత్రానికి ఆ కాగితం చింపేయాలి. పైన చెప్పిన హెచ్ఐవీ చట్టంలోని 11వ సెక్షన్ ఇలాంటి రికార్డులున్న ప్రతి సంస్థకూ భద్రత ఏర్పాట్లు తప్పనిసరి చేసింది.

ఈ సందర్భంలో పత్రికకూ ఒక విన్నపం. ఫలానా గ్రామంలో ముగ్గురు, ఫలానా పేటలో నలుగురు అని దయచేసి అచ్చు వేయకండి. నాలుగొందల గడప ఉన్న ఊళ్లో ముగ్గురంటే పేర్లు వేసినట్టే. మండలం స్థాయిలో కూడా అంకె ఐదు కంటే తక్కువైతే వదిలేయండి. ఆ చోటు మిగిలితే రాబోయే డిసెంబరు 1 నాటి వార్తలో మీ విలేకరి చేత నాలుగు అంకెలు అడిగించండి. నిర్ధారణ అయినవాళ్లు ఎందరు, ఏడు రోజుల్లో తొలి మాత్ర వేసుకున్నవాళ్లు ఎందరు, రెండో సీసాకు వచ్చినవాళ్లు ఎందరు, ఆరు నెలల వైరల్ లోడ్ పరీక్షలో మిల్లీలీటరు రక్తానికి వైరస్ వెయ్యి కాపీల లోపు ఉన్నవాళ్లు ఎందరు. అధికారి దగ్గర మొదటిది ఠక్కున దొరుకుతుంది. మిగతా మూడింటికి 'కనుక్కుని చెబుతాం' అంటే, రెండు రోజులాగి మళ్లీ అడగమనండి. ఆ వార్త కింద పరీక్ష, మందుల సమాచారానికి ఉచిత నంబరు 1097 కూడా వేయండి.

ఇట్లు,
హెచ్ఐవీ పరీక్ష, చికిత్స రికార్డులతో పనిచేసే కొందరు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాలు